పాపంలో ఎవరి వాటా ఎంత?

1996 నవంబర్ 6న చిదంబరంలోని రాజా ముత్తయ్య మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం చదువుతున్న పొన్ నవరసు కనిపించకుండా పోయాడు. మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన పొన్నుసామి కొడుకతను. తర్వాత ఆ పిల్లవాడి మొండెం చెన్నైలో ఓ బస్సులో దొరికింది. ర్యాగింగ్ చేసిన సీనియరే చంపాడని కేసు. 1998లో కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2001లో హైకోర్టు విడుదల చేసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ శిక్షను మళ్లీ ఖాయం చేసింది. కన్నవాళ్లు దాదాపు పదిహేనేళ్లు కోర్టుల వైపు చూస్తూ గడపాల్సి వచ్చింది.

ఆ చావు తర్వాతే తమిళనాడు ర్యాగింగ్ నిషేధ చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ చట్టమూ 1997 నాటిదే.

కోర్టు దోషి ఎవరో తేల్చి ఊరుకుంటుంది, దాని పని అంతే. ధర్మానికి మాత్రం మరో ప్రశ్న మిగులుతుంది. ర్యాగింగ్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. జూనియర్‌ను నిలబెట్టి బట్టలు విప్పమనేవాడు ఒకడైతే, పగలబడి నవ్వేవాళ్లు నలుగురుంటారు. తలుపు దగ్గర కాపలా ఉండేవాడొకడు, పక్క గదిలో విననట్టు పుస్తకం తిప్పేవాడొకడు. వీళ్లలో ఎవరి పాపం ఎంత?

మహాభారతం ఈ ప్రశ్నను సూటిగానే ఎదుర్కొంది. కౌరవసభలో తనను జూదంలో గెలిచినట్టేనా అన్న ద్రౌపది ప్రశ్నకు పెద్దలెవరూ తేల్చి జవాబు చెప్పకపోతే విదురుడు ప్రహ్లాదుడి కథ ఎత్తుకుంటాడు. తన కొడుకు విరోచనుడికీ సుధన్వుడికీ వచ్చిన తగవు తీర్చాల్సి వచ్చిన ప్రహ్లాదుడు కశ్యపుణ్ణి ధర్మం అడుగుతాడు. కశ్యపుడు చెప్పిన లెక్క ఇది: నిందించాల్సినదాన్ని నిందించని సభలో పాపం సగం సభాపతిది, పావు చేసినవాడిది, మిగిలిన పావు మాట్లాడకుండా కూర్చున్నవాళ్లది. తప్పును తప్పని సభ చెప్పిందా, పెద్ద బయటపడతాడు, సభ్యులూ బయటపడతారు, పాపమంతా చేసినవాడి నెత్తికే చుట్టుకుంటుంది. చేసినవాడికంటే చూస్తూ ఊరుకున్న పెద్దకు రెట్టింపు వాటా వేసిన తీర్పు ఇది! ర్యాగింగ్ జరిగిందని తెలిసీ చర్య తీసుకోని ప్రిన్సిపాల్‌ను నేరానికి తోడ్పడినవాడిగానే చూడాలని ఆంధ్రప్రదేశ్ చట్టం అంటుంది. కశ్యపుడి లెక్కకు అది చాలా దగ్గర.

చెన్నైలో ఈ లెక్క ఇప్పటికీ వీధిలో కనబడుతుంది. ఒకే బస్సు రూట్లో, ఒకే లోకల్ రైల్లో కాలేజీకి వచ్చే కుర్రాళ్లు జట్టు కడతారు. ఆ జట్టుకు 'రూట్ తల' అనే నాయకుడు. 'బస్ డే' అంటూ బస్సు పైకెక్కి ఊరేగుతారు. 2019 జులైలో పచ్చయప్ప కాలేజీ విద్యార్థులు అరుంబాక్కం దగ్గర పట్టపగలు కత్తులతో కొట్టుకున్నారు. 2024 అక్టోబర్‌లో సెంట్రల్ స్టేషన్ దగ్గర పచ్చయప్ప విద్యార్థులు కొట్టిన దెబ్బలకు ప్రెసిడెన్సీ కాలేజీ కుర్రాడొకడు చనిపోయాడు. తల ఒక్కడే ఉంటే ఇవేవీ జరగవు. వెనక అరిచే గొంతులే అతణ్ణి తలను చేస్తాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. పదిహేడేళ్ల పిల్లవాడు, ఇల్లు విడిచి వచ్చినవాడు, రేపు తనవంతు వస్తుందని వణికేవాడు. వాడి మౌనమూ భీష్ముడి మౌనమూ ఒకటేనా? కాదు. భీష్ముణ్ణి కొట్టగలవాడు ఆ సభలో లేడు. భయం పిల్లవాడి వాటాను తగ్గిస్తుంది, అది న్యాయం కూడా. కానీ పూర్తిగా మాఫీ చేయదు. ఎందుకంటే నిరుడు దెబ్బలు తిన్నవాడే ఈ ఏడు "మేం పడలేదా?" అంటూ చెయ్యెత్తుతున్నాడు. తన బాధను ఎదుటివాడి మీద తీర్చుకునే హక్కు ఏ ధర్మశాస్త్రమూ ఇవ్వలేదు.

అదే సభలో వికర్ణుడు లేచాడు. దుర్యోధనుడి సొంత తమ్ముడు. ద్రౌపదిని గెలిచినట్టు కాదని అన్నల ఎదుటే తేల్చి చెప్పాడు. చిన్నవాడివి, పెద్దమాటలెందుకని కర్ణుడు కసిరాడు. ఆ మాటతో అవమానం ఆగలేదన్నది నిజం. అయినా నూరుగురిలో ఒకడు ఆ పావులో తన వంతును వదిలించుకున్నాడు, అదీ జట్టులోనే ఉండి.

ఈ ఏడాది పిల్లల్ని కాలేజీలో చేర్చే తల్లిదండ్రులు "నిన్నెవరైనా ఏడిపించారా?" అని అడుగుతారు. "నీ ఎదుట ఎవరినైనా ఏడిపించారా, అప్పుడు నువ్వేం చేశావు?" అని కూడా అడగండి. ర్యాగింగ్ జోలికి పోమని విద్యార్థితో పాటు తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలన్నది యూజీసీ 2009లో తెచ్చిన నిబంధన. దెబ్బలు తిన్నవాడే కాదు, చూసినవాడు కూడా ఫిర్యాదు చేయవచ్చు. యూజీసీ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522, రాత్రింబగళ్లు పనిచేస్తుంది.