ఆయనే బ్రతికి ఉంటే...



జయంతి సభల్లోను, వర్ధంతి సభల్లోను మనము తప్పక వినే మాట ఒకటి ఉంది. "ఆ మహానుభావుడే ఈనాడు బ్రతికి ఉంటే మన పరిస్థితి చూసి సిగ్గుతో తల దించుకునేవాడు" అంటారు వక్తలు. జనం చప్పట్లు కొడతారు. విగ్రహానికి దండ పడుతుంది, సభ ముగుస్తుంది. ఇళ్లలోనూ ఈ మాట వాడుకలో ఉన్నదే. "మీ తాతే ఉంటే నీ తీరు చూసి ఏమనేవాడురా?" అని కొడుకును మందలించని తండ్రి అరుదు.

ఇలా అనడం న్యాయమేనా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గాని ఇందులో నీతికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. బ్రతికి ఉన్న మనిషి పేరు చెప్పి మనము ఏదైనా అంటే, "నేను అలా అనలేదు" అని అతడు వచ్చి అడ్డుకోగలడు. చనిపోయినవాడు రాలేడు. కనుక అబద్ధ సాక్ష్యం పలకరాదన్న ఎనిమిదవ ఆజ్ఞను ఇక్కడ మరింత జాగ్రత్తగా పాటించవలసి ఉంటుంది.

మన ప్రాంతపు పెద్దలనే తీసుకుందాము. రావి నారాయణరెడ్డి గారు 1908లో అప్పటి నల్గొండ జిల్లా బొల్లేపల్లిలో పుట్టారు. భూస్వాముల ఇంట పుట్టి, భూస్వాముల పెత్తనాన్ని ఎదిరించిన పోరాటానికి నాయకులయ్యారు. సురవరం ప్రతాపరెడ్డి గారు పాలమూరు బిడ్డ. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నిజాం రాజ్యంలో తెలుగువారికి గొంతు ఇచ్చారు. ఇద్దరూ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించినవారే. ఇద్దరి పేర్లనూ ఇప్పుడు ఒకే ఊపిరిలో తలుచుకుంటాము. అయితే 1952 ఎన్నికల్లో నారాయణరెడ్డి గారు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నల్గొండ నుండి లోక్‌సభకు గెలిచారు. ప్రతాపరెడ్డి గారు కాంగ్రెస్ తరఫున వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు గెలిచారు. ఒకే ఎన్నికలు, ఎదురెదురు పక్షాలు. "మన పెద్దలే ఉంటే ఇలా అనేవారు" అని తేలికగా అంటాము. ఏ పెద్దలు?

పోనీ, ఒక్కరి సంగతే చూద్దాము. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం పాలన ముగిసింది. సాయుధ పోరాటాన్ని ఇంకా సాగించాలా, ఆపాలా అన్న ప్రశ్న పుట్టింది. ఆపాలన్నవారిలో నారాయణరెడ్డి గారు ఒకరు. తోటి నాయకులు పలువురు సాగించాలన్నారు. చివరకు 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. ఒకే జెండా కింద నడిచినవారికే ఆనాడు ఆయన మాట మింగుడు పడలేదు. 1991లో కన్నుమూసిన ఆయన ఈనాటి పార్టీల గురించి, పథకాల గురించి ఏమనేవారో మనకు అంత ఖాయంగా ఎలా తెలిసింది? తెలియదు. మన అభిప్రాయాన్ని మన గొంతుతో చెబితే ఎవరూ వినరని, ఆయన గొంతు అరువు తెచ్చుకుంటున్నాము.

ఇంకొక సంగతి. వక్తల నోట మహనీయులు ఎప్పుడూ కన్నీరు పెడుతూనే ఉంటారు. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తరంవారు ఇప్పుడు మన హాలియాకు వస్తే ముందుగా ఏమి చూస్తారు? 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మొగులు వైపు చూస్తూ బ్రతికిన చెలకల్లో ఎడమ కాలువ కింద వరి పండుతున్నది. "బాంచెన్ దొరా" అన్న మాటకు అర్థమేమిటో మన పిల్లలకు విడమరచి చెప్పవలసి వస్తున్నది. అంతా చెడిపోయిందని వారిచేత చెప్పించడం, వారు ప్రాణాలిచ్చి సాధించినదాన్ని లెక్కలో నుండి కొట్టివేయడమే అవుతుంది.

అలాగైతే గతించినవారిని తలుచుకొని మనలను మనము సరిచూసుకోవడమే తప్పా? కాదు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఈ కాలంపై వారి తీర్పు మనకు తెలియదు. వారి ప్రశ్నలు మాత్రం తెలుసు. ఎందుకంటే వాటిని వారు బ్రతికి ఉండగానే అడిగారు, వాటి కోసమే బ్రతికారు.

తెలంగాణలో కవులే లేరని ఒకరు అన్నప్పుడు ప్రతాపరెడ్డి గారు కేవలం కోపగించుకొని ఊరుకోలేదు. ఊరూరా వెతికి 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసినప్పుడు రాజుల యుద్ధాలను పక్కనబెట్టి ప్రజల తిండి, బట్ట, ఆటపాటలు, నమ్మకాల గురించి వ్రాశారు. ఆయన ప్రశ్న స్పష్టమే: నోటికి వచ్చింది అంటున్నావా, వెతికి చూసి అంటున్నావా? ఫోనులో వచ్చిన ప్రతి కబురునూ చదవకుండానే పదిమందికి పంపే మనకు ఆ ప్రశ్న చాలు.

గుర్రం జాషువా గారి ప్రశ్న ఇంకా పదునైనది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ కవి 1941లో గబ్బిలం వెలువరించారు. గుడిలోకి పోలేని మనిషి, గుడిలోకి పోగల గబ్బిలంతో తన గోడు శివునికి పంపుకుంటాడు. క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఆయన మనవాడని గర్వపడతాము. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు దళితుల నుండి మొదటి కార్డినల్ అయినప్పుడూ విచారణల్లో సంతోషించాము. మంచిదే. అయితే ఒకే దివ్యబల్ల దగ్గర దివ్యసత్ప్రసాదం స్వీకరించిన రెండు కుటుంబాల మధ్య పెండ్లి మాట వచ్చినప్పుడు మొదట అడిగేది ఏమిటి? "అబ్బాయి ఎవరు?" అనా, "వాళ్లెవరు?" అనా? ఎవరు లోపలికి రావచ్చు, ఎవరు రాకూడదు అన్న జాషువా గారి ప్రశ్న మన గడపలో నిలబడి ఉంది. దానికి జవాబు చెప్పడానికి ఆయన మళ్లీ పుట్టనక్కరలేదు.

లూకా సువార్త పదహారవ అధ్యాయంలో ధనవంతుడు కోరింది ఇటువంటిదే. చనిపోయిన లాజరును తన అయిదుగురు సోదరుల దగ్గరకు పంపి హెచ్చరించమన్నాడు. అబ్రహాము ఒప్పుకోలేదు. వారికి చెప్పవలసినది ఇదివరకే చెప్పబడింది, దానిని విననివారు మృతులు లేచి వచ్చినా వినరన్నది ఆ జవాబు సారాంశం. మహనీయులు తిరిగి వస్తే బాగుండునని మనము అనుకోవడంలో ఒక్కొక్కసారి ఒక సాకు దాగి ఉంటుంది. వారు వచ్చేదాకా మనము మారనవసరం లేదు గదా!

కనుక ఇకమీదట "ఆయనే ఉంటే" అన్న మాట నాలుక మీదికి వచ్చినప్పుడు ఒక్క చిన్న పరీక్ష పెట్టుకుందాము. ఆ మాట ముందుగా ఎవరికి తగులుతున్నది? ఎదుటి పార్టీకి, పక్కింటివారికి, ఈ కాలపు పిల్లలకు మాత్రమే తగిలితే, మాట్లాడుతున్నది ఆ మహనీయుడు కాదు, మనమే. మన ఇంటికి, మన భూమికి, మన పెండ్లి సంబంధాలకు తగిలి, మనకు కొంత నష్టం తెచ్చేదైతే, అప్పుడు బహుశా అది ఆయన ప్రశ్నే. ఈ ఆదివారం భోజనాల దగ్గర పిల్లలను కూర్చోబెట్టుకొని, మీ ఇంటి పెద్దలు బ్రతికినన్నాళ్లు దేనికోసం పట్టుబట్టారో చెప్పండి. వారుంటే ఏమనేవారో మీరు చెప్పవద్దు. పిల్లలే మిమ్మల్ని అడగనివ్వండి.