పోదనపురానికి దారి

శ్రవణబెళగొళ కొండ మీది 57 అడుగుల గోమటేశ్వరుడి వెనక, మూసుకుపోయిన ఒక దారి కథ ఉంది. ఆ గోమటేశ్వరుడే బాహుబలి. ఆయన ఏలిన పోదనపురంలో ఆయన అన్న భరతుడు నిలిపిన బ్రహ్మాండమైన విగ్రహం ఉందని విని, గంగరాజుల మంత్రి చావుండరాయడు దాన్ని చూడాలనుకున్నాడు. కుదరదన్నారు పెద్దలు. ఊరు చాలా దూరం, చేరడం కష్టం, విగ్రహం చుట్టూ కోడితల పాములు కమ్ముకుని ఉన్నాయన్నారు. దాంతో ఆయన ఉన్నచోటనే కొండను చెక్కించాడు. అది 981 ప్రాంతపు మాట. తర్వాత 12వ శతాబ్దంలో బొప్పన అనే కన్నడ కవి శ్రవణబెళగొళ శాసనంలో ఈ కథ చెప్పాడు. ఆ పోదనపురం మన ఇందూరు (నిజామాబాద్) జిల్లాలోని బోధనేనని చరిత్రకారుల్లో చాలామంది అభిప్రాయం. కథలో పాముల సంగతి ఎలా ఉన్నా, ఒక్క మాట మాత్రం నిజంగా తగులుతుంది. దారి చెప్పేవాళ్లు లేని తీర్థం ఉండీ లేనట్టే. ఎక్కడ దిగాలి, ఎక్కడ బస, నీళ్లు ఎంత లోతు, మూటలో ఏం కట్టుకోవాలి అనే మాటలు ధర్మంలో భాగమా, భక్తికి బయట పడి ఉన్న లౌకికమా అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. మన క్షేత్ర మహాత్మ్యాల పుస్తకాల్లో దేవుడి మహిమ నూరు పేజీలు, బస్సుల వేళలు చివరి అట్ట మీద రెండు వరుసలు. ఆ రెండు వరుసలు కూడా మహాత్మ్యంలో భాగమేనని నా వాదన.

మాట దగ్గరే మొదలుపెడదాం. తీర్థం అంటే మొదటి అర్థం రేవు. దాటడం అనే ధాతువు నుంచి పుట్టిన మాట అది. నదిని కాలినడకనో పడవ మీదో క్షేమంగా దాటగలిగే చోటు తీర్థం. స్నానమూ పుణ్యమూ ఆ చోటుకు తర్వాత చేరిన అర్థాలు. తెలుగులో రేవు అన్న ఒక్క మాటే చాకిరేవుకూ పడవరేవుకూ ఓడరేవుకూ సరిపోతుంది. బాహుబలి తండ్రి ఋషభనాథుణ్ణి జైనులు తొలి తీర్థంకరుడంటారు, అంటే రేవు కట్టినవాడు. లోకంలోకెల్లా గొప్పవాడికి ఏ పేరు పెట్టాలా అని ఆలోచించిన ఒక మతం, అవతలి గట్టుకు దారి వేసిన పనిని ఎంచుకుంది. ఆ పేరులోని వినయం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ఈ సంగతి మన దేశానికే పరిమితం కాదు. 15వ శతాబ్దంలో యూరప్ నుంచి జెరూసలేం వెళ్లే క్రైస్తవ యాత్రికులు ఇటలీలోని వెనిస్ ఓడరేవులో ఓడ ఎక్కేవారు. ఇంగ్లండులో ఈటన్ కళాశాలకు చెందిన విలియం వే అనే మతాచార్యుడు 1458లోనూ 1462లోనూ ఆ యాత్ర చేసి, వెనకొచ్చేవాళ్ల కోసం జాగ్రత్తలు రాసిపెట్టాడు. ఓడ యజమానితో ఒప్పందం ముందే రాయించుకోవాలి. కింది అంతస్తులో ఉక్కపోత, కంపు, కాబట్టి పై అంతస్తులో చోటు అడగాలి. సెయింట్ మార్క్ చర్చి దగ్గర మూడు డకాట్లకు పరుపూ దిండ్లూ దుప్పట్లూ కొనుక్కుంటే, తిరిగొచ్చాక అవే సగం ధరకు అమ్మేయవచ్చు. అరడజను కోళ్లకు ఒక గూడు వెంట ఉంచుకోవాలి. జెరూసలేంలో ఏ పుణ్యస్థలంలో ఏ పాపం పోతుందో రాసిన చేయే ఈ కోళ్లగూటి సంగతీ రాసింది. ఆయనకు ఈ రెండూ వేరుగా కనిపించలేదు. మనలో ఏనుగుల వీరాస్వామి కూడా అంతే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. హైదరాబాదు దాటి నాగపూరు దారి పట్టాడు. మన ఇందూరు సీమ మీదుగా గోదావరి దాటే దారి అది. మజిలీ మజిలీకీ దిగడానికి చోటుందా, బావి నీళ్లు మంచివా, బియ్యం పప్పు దొరుకుతాయా అన్నది మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు తెలిసేలా రాశాడు. ఆయన పోయాక 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తెలుగులో తొలి యాత్రాగ్రంథమని దాన్ని సాహిత్యంగా మెచ్చుకుంటాం. దాన్ని ఒక దానంగా కూడా చూడాలి. సత్రం కట్టించలేనివాడు కూడా సత్రం ఎక్కడుందో చెప్పగలడు.

శాస్త్రం దీనికి ఎదురు చెప్పదు, పైగా బలమిస్తుంది. మహాభారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు తీర్థాల గురించి చెప్పే చోట, యజ్ఞాలకు రాజుల సంపద కావాలి, పేదవాడికి అవి అందవు, అతనికి తీర్థయాత్రే యజ్ఞాన్ని మించిన ఫలమిస్తుందని ఉంటుంది. తర్వాత ఆయన చెప్పేది ఏమిటో చూడండి. ఫలానా చోటికి వెళ్లు, ఒక రాత్రి ఉండు, అక్కణ్ణుంచి ఫలానా చోటికి పో, మూడు రాత్రులు ఉండు. అది దారి పట్టిక. పేదవాడి యజ్ఞం అని ఒప్పుకున్నాక పేదవాడికి దారి చెప్పడమూ ఆ యజ్ఞంలో పనే, ఎందుకంటే ఉన్నవాడు మనిషిని పెట్టుకుని వెళ్తాడు, లేనివాడికి ఉన్న ఆసరా మాట ఒక్కటే. ఇస్లాంలో హజ్ స్తోమత ఉన్నవాడికే విధి. ఆ స్తోమత అంటే దారిబత్తెం, ప్రయాణ సాధనం అని ధర్మశాస్త్ర పండితులు వివరించారు. అల్లా మీద భారం వేశామంటూ వట్టి చేతులతో వచ్చి దారిలో యాచించినవాళ్ల సందర్భంలోనే బత్తెం వెంట తెచ్చుకోమని ఖురాన్ ఆజ్ఞ వచ్చిందని వ్యాఖ్యాతలు చెబుతారు. వర్ని దగ్గర పెద్దగుట్ట దర్గాకు, అక్కడే వండి పంచే కందూరు మొక్కుతో వెళ్లే హిందువులూ ముస్లింలూ బియ్యం, గిన్నెలు సర్దుకునే బయలుదేరతారు. వాళ్ల భక్తికి ఆ గిన్నెల వల్ల లోటేమీ రాలేదు. తీర్థానికైనా బతుకుతెరువుకైనా దారి చెప్పకపోవడం ఎంత పాపమో ఇందూరు జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లకు బాగా తెలుసు. విజిట్ వీసా చేతిలో పెట్టి పని వీసా అని నమ్మించిన ఏజెంట్ల వల్ల అప్పులపాలైన కుటుంబాలకు, ఆ ఒక్క తేడా ముందుగా చెప్పే మనిషి దొరికి ఉంటే సరిపోయేది.

ఈ వాదనకు గట్టి ఆక్షేపణలే ఉన్నాయి. యాత్రలో కష్టమే తపస్సు, సౌకర్యం చెబితే యాత్ర విహారమైపోతుందంటారు. దీక్ష పట్టి చెప్పుల్లేకుండా నడిచేవాణ్ణి చూస్తే ఆ మాటలో బలం కనిపిస్తుంది. కానీ దీక్షలో కష్టం సంకల్పంతో మొదలవుతుంది, ఏం భరించబోతున్నాడో తెలిసి ఒప్పుకుంటాడు. మంచినీళ్లు ఎక్కడున్నాయో తెలియక ఎండలో పడిపోయిన ముసలమ్మ ఏ సంకల్పమూ చెప్పుకోలేదు. ఆమె కష్టం మన నిర్లక్ష్యం, దానికి తపస్సని పేరు పెట్టడం అన్యాయం. రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. వేమన తీర్థాలు తిరగడాన్నే ఎద్దేవా చేశాడు. అనుశాసనపర్వంలో భీష్ముడే అన్నిటికన్నా మేలైనది మానసతీర్థమంటాడు. దేవుడు లోపలే ఉంటే దారి ఎందుకు? నేను ఆ మాట కాదనను. కానీ సత్యం, దయ, నిగ్రహం ఆ మానసతీర్థపు నీళ్లయితే, బాటసారికి నిజమైన లోతు చెప్పడంకన్నా సత్యమూ దయా కలిసిన పని ఏది?

మూడోది, దారి తెలిస్తే జనం ముంచెత్తుతారన్నది. వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి, కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ల దగ్గర అయిదు యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. యాత్రికులకు దారి చూపిన ఊరే గడప దగ్గర డబ్బు అడగవలసి రావడం బాధాకరమే. అయినా రద్దీకి కారణం దారి తెలియడం అనుకోను, ఒకే దారి తెలియడం. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటి ఉదయం రాజమండ్రిలో ఒక్క ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా చనిపోయారు. నది పొడవు 1465 కిలోమీటర్లు, పుష్కరం పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజులూ ఏ రేవులో మునిగినా పుణ్యమేనని శాస్త్రం ఒప్పుకుంటుంది. ఆ మాట గట్టిగా చెప్పవలసినవాళ్లు ముహూర్తం గురించే ఎక్కువ చెప్పారు.

బోధన్ దగ్గరి మన కందకుర్తి సంగతీ చూడాలి. గోదావరిలో మంజీర, హరిద్ర కలిసే త్రివేణి సంగమం అది, గోదావరి తెలంగాణలో అడుగుపెట్టే చోటు. అయితే మంజీర నీళ్లను 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఎప్పుడో పొలాలకు మళ్లించింది. బోధన్ చెరకు ఆ నీళ్లతోనే పెరిగింది, శక్కర్‌నగర్ చక్కెర ఆ నీళ్లతోనే తీపెక్కింది. అందుకే నడివేసవిలో మూడు నదుల్ని ఊహించుకుని వచ్చినవాడికి ఎక్కువగా ఇసుకే కనిపిస్తుంది. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జులై 1న లేస్తాయి, అక్టోబరు 28న దిగుతాయి. వానాకాలంలో శ్రీరాంసాగర్ వెనక నీళ్లు ఎక్కివస్తే నది నడుమనున్న పాత శివాలయం మునుగుతుంది. నిజాంసాగర్ గేట్లు ఎత్తిన రోజు మంజీర వైపు నుంచీ వరద వస్తుంది. సంగమం గురించి మనం చెప్పే కథల్లో ఇవేవీ ఉండవు. 2027లో మళ్లీ పుష్కరాలు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, ఈ కార్తీకానికే బోధన్ బస్టాండులో తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో ఒక పలక పెట్టవచ్చు: ఈ వారం గుడి బయట ఉందా నీళ్లలో ఉందా, ఎన్నో మెట్టు దాటకూడదు, తిరుగు బస్సు ఎన్ని గంటలకు. రాసే మనిషి రోజూ పొద్దున్నే రేవులోకి వెళ్లి లోతు చూసి రావాలి.