మొదటి రంగు

ఉప్పల్ నుండి నాచారము పోవు దారిలోని ఒక షెడ్డులో మేము 1960ల నాటి అంబాసిడర్ కారును చూచితిమి. తలుపుల మీది రంగు వెలిసి, గీతలు పడియుండెను. "కంపెనీ రంగండి, గీకితే మళ్ళీ రాదు. దీనికే వెల" అని పెయింటరు చెప్పెను. యజమాని నవ్వి, "అదే రంగు వెయ్యి. పాతదేనని చెప్పి అమ్ముతాను, ఎవరికి తెలుస్తుంది?" అనెను.

పెయింటరు మాట నిజమే. పాత కార్లు సేకరించువారు నిగనిగలాడు క్రొత్త రంగు కంటె, ఫ్యాక్టరీలో వేసిన రంగు నిలిచిన బండికే తరచుగా ఎక్కువ ధర ఇచ్చెదరు. ఏలయనగా ఆ రంగు సాక్షివంటిది. క్రింది రేకునకు పెద్ద దెబ్బ తగలలేదనియు, గుంటలను పుట్టీతో పూడ్చలేదనియు అది తెలుపును. పుట్టీ దట్టముగానున్న చోట అయస్కాంతము అంటుకొనదు.

అయితే క్రొత్త రంగు వేయుట తప్పా? కాదు. తుప్పు రేకును తినుచుండగా పాత రంగని మురియుట అవివేకము. నిజాము వారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను సైతము బాగుచేసియే చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిపిరి. బాగుచేసి, చేయలేదనుటయే తప్పు. కొనువాడు ఆ మాటకు కూడ వెల చెల్లించుచున్నాడు గదా!

సంతలో ఎద్దు వయస్సు చెప్పునప్పుడును, క్రొత్త బియ్యమును పాతవని కొలుచునప్పుడును మన యెదుటనున్నది ఈ ప్రశ్నయే. సున్నము కొట్టిన సమాధులను గూర్చి ప్రభువు పలికినది మనమెరుగుదుము. వెలిసిన రంగు సిగ్గు కాదు. తుప్పును గీకివేయుదము, గీకితిమని చెప్పుదము.