మరలివచ్చు ధైర్యము

బడిపిల్లలను కొండలకు తీసికొనిపోయి, త్రాటితో బండలెక్కుటయు, దిక్సూచితో దారి తెలిసికొనుటయు, చలిలో గుడారము వేయుటయు నేర్పుదురు. పరుల బిడ్డలను ఇట్లు అపాయమునకు ఎదురు నడిపించుట న్యాయమేనా?

భువనగిరి బండమీద ఎక్కుట నేర్చిన మన తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరము చేరిరి. పూర్ణకు అప్పటికి 13 ఏండ్లే. బీద యిండ్ల బిడ్డలలో దాగియున్న శక్తిని కొండ బయలుపరచెను.

అయితే 1971 నవంబరులో స్కాట్లండునందలి కెయిర్న్‌గార్మ్ కొండలలో ఎడిన్‌బరో బడిపిల్లలు ఆరుగురును, వారిని నడిపించిన యిద్దరును మంచుతుపానులో చిక్కుకొనిరి. చేరదలచిన బస చేరలేక రెండు రాత్రులు బయటనే గడపిరి. ఐదుగురు పిల్లలును, ఒక సహాయకురాలును చలికి మరణించిరి. ఆ పిమ్మటనే నాయకుల శిక్షణను గూర్చిన నియమములు బిగిసెను.

కాబట్టి కొండ వలదందుమా? బావి లోతని యీత మానుదుమా? తండ్రి బిడ్డ నడుమునకు బెండు కట్టి, తానును నీటిలో దిగి నేర్పును. తన ప్రాణముతో సాహసించుట వేరు, తనకు అప్పగింపబడిన ప్రాణముతో సాహసించుట వేరు. నాయకుడు ముడిని రెండుమారులు పరీక్షింపవలెను. ఆకాశము మారినప్పుడు, నలుగురు నవ్వినను, వెనుకకు మరలవలెను. శిఖరము రేపును అక్కడనే యుండును.

తల్లిదండ్రులారా, మీ బిడ్డను పంపునప్పుడు, “ఎంత యెత్తునకు తీసికొనిపోవుదువు?” అని గాక, “ఎప్పుడు మరలుదువు?” అని అడుగుడి.