పాడైన రంగు కాగితములు

ధ్యాన భాగములు: యోహాను 6:1-13, యిర్మీయా 18:1-6



అయిదువేలమంది పురుషులు తిని తృప్తి పొందిన పిమ్మట ప్రభువు తన శిష్యులకు ఒక పని అప్పగించెను. పచ్చికమీద పడియున్న ముక్కలను ఒక్కటియు పోనియ్యక గంపలకెత్తుమనెను. అయిదు యవల రొట్టెలతో అంత జనమునకు పెట్టినవానికి ఆ ముక్కలతో పని యేమి? కావలసినచో మరల పెట్టగలడు గదా. అయినను వంగి ఏరుమనెను. పండ్రెండు గంపలు నిండెను.

ఈ వాక్యము రొట్టెను గూర్చినదే. దీనినుండి లేని అర్థము లాగుట నాకు ఇష్టము లేదు. అయితే మనుష్యులు మిగులు అనుకొనిన దానిని ప్రభువు ఎట్లు చూచునో ఇందు తేటగా కనబడుచున్నది. ఆ చూపుతో ఈ నెల ఒక చిన్న సంగతిని చూతము.

వేసవి సెలవులలో జరుగు బైబిలు బడిలో పిల్లలకు రంగు బిళ్లల పెట్టె, కుంచె, గ్లాసెడు నీళ్లు ఇచ్చి బొమ్మలు వేయుమందుము. నోవహు ఓడను వేయబోయిన పిల్లవాడు నీళ్లు ఎక్కువ పోయును. ఓడయు, వానయు, కొండయు ఒకదానిలో ఒకటి కలిసి బురద రంగగును. వాడు నవ్వుచు, ఇంకను ఏమగునో చూతమని మరియొక చుక్క వేయును. అంతలో వెనుకనుండి, "కాగితం దండగ చేశావు గదరా!" అని పెద్దల కేక వినబడును. ఆ దండగ అను మాటను గూర్చియే నేను వ్రాయదలచితిని.

నీటిరంగు మాట వినని రంగు. గోడకు వేయు రంగైనచో తప్పును మరియొక పూతతో కప్పవచ్చును. నీటిరంగులో ఆ వీలు మిక్కిలి తక్కువ. తెలుపు కావలసిన చోట కాగితమునే ఖాళీగా విడువవలెను, దానిమీద రంగు ప్రాకెనా, ఆ తెలుపును తిరిగి రప్పించుట కష్టము. సగము ఆరిన రంగుపై తడికుంచె తగిలినచో, ఆ నీరు రంగురేణువులను బయటికి నెట్టి కాలీఫ్లవరు పువ్వువంటి అంచుగల మచ్చను చేయును. బల్లమీద పడిన టీ చుక్క ఎండినప్పుడు దాని అంచున చిక్కని గీత ఏర్పడుట మీరెరిగినదే. నీరు రేణువులను మోసికొనిపోవుట అక్కడను ఉన్నది. ఇట్టి రంగుతో ఆడుకొను వానికి పది కాగితములలో ఎన్నో పాడగుట సహజము.

ఇంగ్లాండు దేశములో టర్నరు అను చిత్రకారుడుండెను. 1775లో లండనులో ఒక మంగలి ఇంట పుట్టి, 1851లో మరణించెను. అతడు గొప్ప భక్తుడని చెప్పుటకు ఈ పేరు ఎత్తలేదు; అతని కాగితములను గూర్చి చెప్పవలెనని ఎత్తితిని. అతడు పోయిన తరువాత అతని యొద్దనున్న చిత్రములు జాతికి చేరెను. 1857లో జాన్ రస్కిన్ అను పండితుడు వాటిని సర్దుటకు కూర్చుండగా 19,000కు పైగా కాగితములు కనబడెను. కొన్ని చెమ్మపట్టెను, కొన్నిటిని పురుగులు, ఎలుకలు కొరికెను. వాటిలో పేరులేనివి, ముగింపులేనివి, రంగు నీళ్లలో ప్రాకి ఆకాశమో సముద్రమో తెలియనివి వందలకొలదిగా నుండెను. కొన్ని రాబోవు చిత్రములకు ప్రయత్నములు. కొన్ని ఎక్కడికిని చేరని ఆటలు. 1909లో ఫిన్‌బర్గ్ అను ఆయన వాటికి పట్టీ వ్రాసినప్పుడు, ఇట్టివాటిలో ఒక పెద్ద భాగమునకు "రంగుల ఆరంభములు" అని పేరు పెట్టెను. పాడైనవి అనలేదు, ఆరంభములనెను! నేడు అవి లండనులోని టేట్ బ్రిటన్ చిత్రశాలలో భద్రముగా నున్నవి.

ఇదే టర్నరు 1818లో ఒక స్నేహితుని ఇంట, ఆ ఇంటి కుమారుడు చూచుచుండగా, ఒక్క పూటలో గొప్ప యుద్ధనౌకను నీటిరంగులతో వేసెను. కాగితము నానిపోవునంతగా రంగు పోసి, గీకి, తుడిచి, చివరకు ఓడను తెరచాపలతో నిలిపెనని ఆ ఇంటివారు చెప్పిరి. ఆ ధైర్యము ఆ ఉదయముననే పుట్టినది కాదు. ఎవరికిని చూపక దాచిన కాగితములమీద ఆ చెయ్యి ఎన్నో యేండ్లు తిరిగియుండెను.

ఇప్పుడు కుమ్మరి ఇంటికి పోదము. యిర్మీయా చూచుచుండగా కుమ్మరి చేతిలోని కుండ విడిపోయెను. ఆ మంటితోనే అతడు మరియొక పాత్రను చేసెను. ఇక్కడ ఒక భేదము గమనింపుడి. మట్టిని మరల పిసుకవచ్చును, తడిసి పాడైన బొమ్మను పిసుకలేము. ఆ బొమ్మ పోయినట్టే. మరి మరల చేయబడునది ఏది? ఆ పిల్లవాని చెయ్యి. ఎంత నీరు ఎక్కువో, ఏ రంగు దేనిలో కలిసినచో బురదయగునో ఇప్పుడు దానికి తెలియును. మన దేవుడు కాగితముకంటె చేతినే యెక్కువగా చూచువాడని నేను నమ్ముచున్నాను.

అయితే ఇంతటితో ఆపినచో, ఆటను కూడ పనిగా లెక్కగట్టినవారమగుదుము. ఏమియు నేర్వకపోయినను ఆ నవ్వునకు విలువ లేదా? సామెతలు 8:30-31లో జ్ఞానము దేవుని యెదుట ఆనందించుచుండెనని చదువుదుము. అక్కడి హెబ్రీ మాటకు ఆడుకొనుట, నవ్వుట అను అర్థమున్నది. జెకర్యా 8:5లో యెరూషలేము వీధులలో పిల్లలు ఆడుకొందురని చెప్పినచోటను, కీర్తన 104:26లో సముద్రమందు మకరము ఆడుకొనునని చెప్పినచోటను అదే మాట. ఆ మకరము ఆడి ఏమి సంపాదించెను? దేవుడు దానిని అట్లు కలుగజేసెను, అంతే.

కాలమును పోనియ్యవద్దని అపొస్తలుడు ఎఫెసీయులకు వ్రాసెను గదా అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కూలి డబ్బుతో కొన్న కాగితమునకు వెలయున్నది. ఆ సంగతి తల్లికి తెలిసినంతగా బోధకునికి తెలియదు. కాబట్టి తక్కువ వెల కాగితము ఇయ్యుడి, పాత నోటుపుస్తకముల ఖాళీ పుటలు ఇయ్యుడి. కాని కాగితమును కాపాడుటకై బిడ్డను పిరికివానిగా చేయుట చౌక బేరము కాదు.

ఏలయనగా ఆ పిరికితనము బిడ్డతోకూడ పెరుగును. మత్తయి 25వ అధ్యాయములోని మూడవ దాసుడు భయపడి తలాంతును పాతిపెట్టెను. వ్యాపారము చేసి పోగొట్టిన దాసుని ఆ ఉపమానములో యజమానుడు గద్దించినట్లు లేదు, పాతిపెట్టినవానినే గద్దించెను. మన కూటములలో ఇరువది యేండ్లుగా వచ్చుచు, ఒక్కసారియైనను నోరు తెరచి ప్రార్థింపని తల్లులున్నారు. భక్తి లేక కాదు. మాట తప్పిపోవునేమో, చదువుకొనినవారు నవ్వుదురేమో అని. వారు చిన్నతనములో ఎన్నిసార్లు దండగ అను మాట వినిరో ఎవరెరుగుదురు? మనకు తగినట్టు ప్రార్థింప తెలియనప్పుడు ఆత్మయే మూలుగులతో విజ్ఞాపన చేయునని రోమా 8:26 చెప్పుచున్నది. మూలుగును ఆలకించు దేవుడు తడబడిన మాటను త్రోసివేయునా?

ఈ నెల గృహ ప్రార్థన కూటములలో అట్టివారిని మొదట ప్రార్థింపుమని ప్రేమతో అడుగుడి, బలవంతము చేయకుడి. మాట తడబడినచో ఎవరును అందింపవద్దు, సరిదిద్దవద్దు. వారు ఆమేన్ అనువరకు కనిపెట్టుడి. బైబిలు బడి ఉపాధ్యాయులకు మరియొక మనవి. పిల్లల బొమ్మలను దారమునకు కట్టునప్పుడు బాగుగా వచ్చినవాటినే ఏరక, అందరివియు కట్టుడి. ప్రదర్శన అయిన తరువాత ఆ కాగితములను చింపివేయక ఆరబెట్టి దాచుడి. వాటి వెనుక ప్రక్కలు వచ్చే వేసవికి పనికివచ్చును.