దిగకుండా తెరుచుకునే గేటు

ఏదైనా ఒక నైతిక ప్రశ్న మీద వ్యాసం వ్రాసి పంపమని మన సంఘం పత్రిక సంపాదకులు ఈసారి నన్ను అడిగారు. నేను తత్త్వశాస్త్రం చదివినవాణ్ణి కాను. ముప్ఫై ఏళ్ళకు పైగా యంత్రభాగాల డ్రాయింగులు గీసి రిటైరైన ఇంజనీరుని. ధర్మం, కర్మ వంటి పెద్ద మాటల జోలికి పోయే అర్హత నాకు లేదు. అందుచేత నాకు తెలిసిన ఒక చిన్న వస్తువును పట్టుకుని, దాని వెంట ఆలోచన ఎంతదూరం పోతే అంతదూరం పోతాను. ఆ వస్తువు ఒక పొలం గేటు.

1978 నవంబరులో, మేము ఒహాయోలో కాపురం పెట్టిన కొత్తలో, నాతో పనిచేసే ఒక అమెరికన్ మిత్రుడు థాంక్స్‌గివింగ్ పండుగకు తన తల్లిదండ్రుల పొలానికి మమ్మల్ని పిలిచాడు. రోడ్డు దిగి మట్టిదారిలోకి తిరగగానే అడ్డంగా ఒక కొయ్య గేటు. దానికి ఇవతల కొంత దూరంలో ఒకటి, అవతల కొంత దూరంలో ఒకటి, రెండు ఎత్తయిన స్తంభాలు. ఒక్కొక్క స్తంభం నుంచి దారి మీదికి ఒక కర్ర చేయి చాచినట్టు ఉంది. దాని కొస నుంచి ఒక తాడు వేలాడుతోంది. నేను కారు దిగబోతే మా మిత్రుడు వెనక సీటులోంచి, "దిగకు, ఆ తాడు లాగు" అన్నాడు. కిటికీలోంచి చేయి పెట్టి లాగాను. గడియ లేచింది, గేటు ఒక పక్కకు ఒరిగి, ఎవరో నెట్టినట్టు మాకు ఎదురు దిశగా నెమ్మదిగా తెరుచుకుంది. లోపలికి పోయాక రెండో తాడు లాగితే అలాగే వచ్చి మూసుకుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. తాడు ఒక తులాదండాన్ని కదుపుతుంది. ఆ దండం ముందు గడియను ఎత్తి, తరువాత గేటు పైబందును కొంచెం పక్కకు జరుపుతుంది. దానితో గేటు ఒరుగుతుంది. ఒరిగిన గేటు తన బరువుతో తానే పల్లానికి పోతుంది. గేటు కొసన నూరు పౌన్ల బరువును నాలుగంగుళాలు ఎత్తాలనుకోండి. ఐదింతల మీట ఉంటే ఇరవై పౌన్ల బలం చాలు. కాని తాడును ఇరవై అంగుళాలు లాగాలి. బలంలో మిగిలినది దూరంలో చెల్లించాలి. తులాదండం ఎవరికీ ఏదీ ఉచితంగా ఇవ్వదు. ఈ సంగతి హైస్కూలులో అందరం చదువుకున్నదే, జీవితంలో మాత్రం మరిచిపోతూ ఉంటాం.

ఈ గేటు సోమరిపోతుల కోసం పుట్టిందనుకోకండి. ఇల్లినాయ్‌కు చెందిన జోసెఫ్ గ్లిడెన్ 1874లో ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. ఆ తరువాత ఈ దేశపు మైదానాలలో కంచెలు పెరిగాయి, కంచెలతో పాటు గేట్లూ పెరిగాయి. గుర్రపు బండి మీద వచ్చేవాడు ఒక్కడే అయితే గేటు దగ్గర అతని అవస్థ చూడండి. పగ్గాలు వదిలి దిగాలి, గేటు తీయాలి, మళ్ళీ ఎక్కి బండి లోపలికి తోలాలి, మళ్ళీ దిగి మూయాలి, మళ్ళీ ఎక్కాలి. ఈలోగా గుర్రం బెదిరితే బండి దక్కదు. ఒళ్ళో పసిబిడ్డతో బండి తోలే ఇల్లాలి సంగతి, మోకాళ్ళ నొప్పుల ముసలాయన సంగతి చెప్పనే అక్కర్లేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశాబ్దాలలో ఇటువంటి గేట్లకు అమెరికాలో ఎన్నో పేటెంట్లు నమోదయ్యాయి. మోటారు కార్లు వచ్చాక టెక్సాస్‌లో కారు బంపరుతో మెల్లగా నెడితే తెరుచుకుని, తన బరువుతో తానే మూసుకునే గేట్లు పెట్టారు. మరికొన్ని చోట్ల గేటే తీసేసి, దారిలో గుంట తవ్వి దాని మీద పట్టాలు పరిచారు. చక్రాలు దాటిపోతాయి, పశువు కాలు పెట్టడానికి భయపడుతుంది. కాన్సాస్‌కు చెందిన జేమ్స్ హాయ్ అనే ఆచార్యుడు ఆ పట్టాల గుంట చరిత్ర మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించాడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. ఆ రోజు సాయంత్రం పిల్లలకు పాల డబ్బా కావలసివచ్చి నేను ఒక్కణ్ణే కారులో ఊళ్ళోకి వెళ్ళాను. పోయేటప్పుడు మొదటి తాడు లాగాను, దాటాను, రెండో తాడు లాగాను, వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. బండి చక్రాల గాడిలో బురద గడ్డకట్టి ఉంది. గేటు అడుగు దానికి తగిలి, గడియ దాకా రాకుండా జానెడు దూరంలో ఆగిపోయింది. నేను తిరిగివచ్చేసరికి నాలుగు పెయ్యలు రోడ్డు మీద ఉన్నాయి. చీకటి పడింది. ఒక ట్రక్కు హారను మోగిస్తూ వాటి పక్కనుంచే పోయింది.

మా మిత్రుడి తండ్రికి అప్పటికి డెబ్భై దాటాయి. లాంతరు పట్టుకుని వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇద్దరం కలిసి గంటసేపు తిరిగి పెయ్యలను లోపలికి తోలాం. అప్పుడు గేటు మూసి, గడియ పడిన చప్పుడు వినిపించాక నాతో అన్నారు: "తాడు లాగితే మీ వంతు అయిపోయిందనుకోకండి. ఈ చప్పుడు వినేదాకా గేటు తెరిచే ఉన్నట్టు లెక్క."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దిగి నా చేతులతో మూసి ఉంటే బురద తగలడం తెలిసేది కదా! పని తేలిక చేసే యంత్రం మన మనసును కూడా తేలిక చేస్తుందా? ఇదీ నా ప్రశ్న.

చీనా దేశపు పాత తాత్త్విక గ్రంథమైన చువాంగ్‌ట్జులో దీనికి దగ్గర కథ ఒకటి ఉంది. ఒక ముసలి తోటమాలి నూతిలోకి దిగి, కుండతో నీళ్ళు తెచ్చి మడులకు పోస్తున్నాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడొకడు అది చూసి జాలిపడి, ఏతం పెట్టుకుంటే రోజుకు నూరు మడులు తడపవచ్చునని సలహా ఇచ్చాడు. ఏతం కూడా తులాదండమే కదా! ముసలివాడు ముందు కోపగించి, తరువాత నవ్వి, ఏతం సంగతి తనకు తెలుసుననీ, యంత్రంతో పనిచేసేవాడి గుండె క్రమంగా యంత్రమవుతుందనీ, అందుకే దాన్ని ముట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాననీ చెప్పాడు. భౌతికశాస్త్రజ్ఞుడు హైజెన్‌బర్గ్ ఆధునిక విజ్ఞానం గురించి 1955లో ప్రచురించిన పుస్తకంలో ఈ కథను తలుచుకున్నాడంటే, ఇది పాతబడిన బెంగ కాదని తెలుస్తుంది.

ఆ రాత్రి ఈ కథ నాకు తెలిసి ఉంటే తోటమాలి మాటే నిజమని ఒప్పేసుకుని ఉండేవాణ్ణి. తరువాత ఎప్పుడో చదివినప్పుడు మాత్రం ఒప్పుకోలేకపోయాను. మా ఊరి చేను గుర్తుకు వచ్చింది.

కృష్ణా జిల్లాలో మా చేనికి ముళ్ళకంపతో కట్టిన దడి ఉండేది. బండి పోయే సందుకు అడ్డంగా ఒక పెద్ద తుమ్మకంప పడేసి ఉండేది. నేను నాన్నగారితో బండిలో వెళ్ళేవాణ్ణి. సందు దగ్గర నేను ఏనాడూ బండి దిగలేదు, నాన్నగారూ దిగలేదు. మా పాలేరు కొడుకు, ఇంచుమించు నా ఈడువాడే, బండి వెనక నడిచి వచ్చేవాడు. వాడు ముందుకు పరుగెత్తి ఆ కంపను వట్టి చేతులతో ఈడ్చేవాడు, బండి దాటాక మళ్ళీ ఈడ్చి పెట్టేవాడు. వాడి కాళ్ళకు చెప్పులు లేవు. కంప సరిగా పెట్టక పశువులు పరాయి చేలో పడితే, 1871 నాటి పశువుల చట్టం కింద వాటిని బందెలదొడ్డికి తోలేవారు, జరిమానా కట్టి విడిపించుకునేవాళ్ళం. జరిమానా నాన్నగారు కట్టేవారు, దెబ్బలు మాత్రం వాడికి పడేవి.

అంటే దిగకుండా తెరుచుకునే గేటు మా ఊళ్ళో కూడా ఉండేదన్నమాట! అది కొయ్యతో చేసినది కాదు, అంతే తేడా. ఒహాయో రైతుకు కూలికి మనిషి దొరకడం కష్టం కాబట్టి మీట కనిపెట్టవలసి వచ్చింది. మాకు ఆ కుర్రాడు ఉన్నాడు కాబట్టి మీట అవసరం తోచలేదు. యంత్రం గుండెను యంత్రం చేస్తుందని తోటమాలి భయపడ్డాడు. మనిషినే యంత్రంలా వాడుకుంటూ బండిలో కూర్చున్నవాడి గుండె ఏమవుతుందో ఆ కథలో లేదు. నా గుండె ఏమయిందో నాకు తెలుసు. వాడి అరచేతులు ఎలా ఉండేవో నేను ఒక్కసారి కూడా చూడలేదు. చేతిశ్రమ గొప్పదనాన్ని గురించి మనం ఇక్కడ సభలలో మాట్లాడుకుంటాం. ఆ శ్రమ ఎవరి చేతులతో జరిగిందో కూడా చెప్పుకుంటే ఆ మాటకు విలువ ఉంటుంది. ఆ సందులో ఒక తాడూ మీటా ఉండి ఉంటే వాడు బడికి పోయేవాడని నేను అనను. అంత సులువుగా లోకం మారదు. చేతులకు ముళ్ళు మాత్రం గుచ్చుకునేవి కావు.

కనుక యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. మరి 1978లో జరిగిన తప్పు ఎక్కడుంది? ఆలోచిస్తే గేటు మూయడంలో రెండు పనులు కలిసి ఉన్నాయని తోస్తుంది. ఒకటి బరువును కదపడం, రెండోది అది మూసుకున్నదా లేదా అని చూడడం. చేత్తో మూసేవాడికి ఈ రెండూ ఒకేసారి జరిగిపోతాయి కాబట్టి రెండని తెలియదు. తాడు వచ్చి మొదటిదాన్ని తీసుకుంది. రెండోది కూడా అదే తీసుకుపోయిందని నేను అనుకున్నాను. ఫ్రెంచి పండితుడు బ్రూనో లాటూర్ 1988లో తలుపులను తమంతట తామే మూసే పరికరం మీద ఒక వ్యాసం వ్రాశాడు. మనుషులు తలుపు మూయడం మరిచిపోతారు కనుక ఆ బాధ్యతను ఒక వస్తువుకు అప్పగించామని ఆయన వాదం. బాధ్యతను అప్పగించవచ్చు, నిజమే. కాని అప్పగించినవాడు అప్పుడప్పుడు వచ్చి చూసుకోవలసిన పని మిగిలే ఉంటుంది. కంచే చేను మేస్తే అని మన సామెత. కంచె మేయకపోయినా, దాన్ని నమ్మి నిద్రపోతే చేను పోతుంది.

పల్లెల్లో ఇంకొక మర్యాద ఉంది: గేటు నువ్వు వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే వదిలివెళ్ళు. తెరిచి ఉంటే తెరిచే ఉంచు, పశువులు నీళ్ళకు పోవడానికి రైతే తెరిచి పెట్టి ఉండవచ్చు. ఇంత చిన్న నియమంలో ఎంత వినయం ఉందో చూడండి. ఈ పొలం నాది కాదు, దీని కారణాలు నాకు తెలియవు అని ఒప్పుకోవడం అందులో ఉంది. పరాయి దేశంలో బ్రతికే మనకు ఇది ఇంకా బాగా అర్థం కావాలి.

చివరగా ఒక ఇంటి సంగతి. ఊళ్ళో మా అక్కయ్య ఒక్కతే ఉంటోంది. పూర్వం నెలనెలా బ్యాంకుకు పోయి డ్రాఫ్టు తీసి, ఉత్తరంతో కలిపి పంపేవాణ్ణి. మూడు వారాలకు "అందింది" అని ఆవిడ జవాబు వచ్చేది. అందులో వానల సంగతి, కీళ్ళనొప్పుల సంగతి, ఎవరి పెళ్ళిళ్ళు ఎప్పుడో అన్నీ ఉండేవి. కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయి కంప్యూటరులో ఏదో ఏర్పాటు చేశాడు. ఒకటో తారీకు వచ్చేసరికి డబ్బు దానంతట అదే ఆవిడ ఖాతాలో పడుతుంది. నేను దిగనక్కర్లేదు. ఎంతో సుఖంగా ఉంది. ఫోను చేయడం వారానికొకసారి నుంచి నెలకొకసారి అయింది, తరువాత పండుగలకు మాత్రమే అయింది.

ఒకసారి ఊరినుంచి వచ్చిన బంధువు ఒకాయన చెప్పాడు, అక్కయ్య తుంటి విరిగి నాలుగు నెలలుగా మంచం మీద ఉందని. బ్యాంకుకు పోయే ఓపిక లేక డబ్బు ఖాతాలోనే ఉండిపోయింది. మందులకు పక్కింటివాళ్ళ దగ్గర అప్పు చేసిందట. హడావుడిగా ఫోను చేసి, "ఎందుకు చెప్పలేదక్కయ్యా?" అని కోప్పడ్డాను. ఆవిడ, "నువ్వు అడగలేదు కదరా తమ్ముడూ. డబ్బు వేళకు పడుతూనే ఉంది, నువ్వు బాగానే ఉన్నావనుకున్నాను" అంది. నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. డబ్బు పోతూనే ఉంది కాబట్టి ఆవిడ బాగానే ఉందని.

పూర్వపు "అందింది" అనే ఉత్తరం గడియ పడిన చప్పుడని నాకు అప్పుడు తెలిసింది. అది రాని నెల నేను తప్పకుండా కంగారుపడి ఉండేవాణ్ణి. కంప్యూటరు ఏర్పాటు ఆ చప్పుడును ఆపలేదు, వినే అలవాటును నేనే మానుకున్నాను.

ఆ ఏర్పాటును నేను రద్దు చేయలేదు. చేస్తే అది తోటమాలి పంతం అవుతుంది. ఆవిడకు డబ్బు వేళకు అందాలి. కాని ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకు రాత్రి, అక్కడ తెల్లవారాక, ఫోను చేసి "అందిందా అక్కయ్యా?" అని అడుగుతున్నాను. అందుతుందని ఇద్దరికీ తెలుసు. ఆవిడ "ఆఁ, అందింది" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడుతుంది.

మన సంఘ సభ్యులలో చాలామందికి ఇటువంటి తాళ్ళు, మీటలు చాలా ఉన్నాయని నాకు తెలుసు. వాటిని తీసేయమని నేను చెప్పడం లేదు. లాగండి, దిగకుండానే దాటండి. కొంచెం ముందుకు పోయాక ఒక్క నిమిషం ఆగి, గడియ పడిందో లేదో వినండి.