పాటా మాదే, ప్రశ్నా మాదే

మేము రాక్ సంగీతం వింటామంటే రెండువైపుల నుంచీ ప్రశ్నలొస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "ఏం గోలరా బేటా అది, పాటేనా?" అంటారు. బయట అభ్యుదయ మిత్రులు కాస్త మర్యాదగా అడుగుతారు: "మీకు ఖవ్వాలీ ఉంది, గజల్ ఉంది, పీర్ల పాటలున్నాయి. ఆ తెల్లవాళ్ళ గిటార్లతో మీకేం పని?" రెండు ప్రశ్నల వెనకా ఉన్న నమ్మకం ఒకటే. ముస్లిం చెవికి ఒక చిరునామా ఉంటుందని, అది దర్గా అరుగు దాటి పోకూడదని. ఇంకెవరైనా బీటిల్స్ వింటే అది అభిరుచి. మేము వింటే సంజాయిషీ చెప్పుకోవాలి.

సంజాయిషీ కోసం ఇది రాయడం లేదు. మాకు మేమే జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మనం ప్రాణంగా ప్రేమించిన పాటలో మనలాంటివాడు శవమై పడి ఉంటే ఏం చెయ్యాలి? పాటని వదిలెయ్యాలా? శవాన్ని చూడనట్టు నటించాలా?

1991లో స్టార్ టీవీతో పాటు ఎం.టి.వి. మన దేశంలోకి దిగింది. అదే ఏడు సెప్టెంబరులో అమెరికాలో నిర్వాణ బ్యాండ్ 'నెవర్‌మైండ్' ఆల్బం వచ్చింది. 1992 జనవరికల్లా అది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ని పక్కకి నెట్టి బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మేము దాన్ని కేసెట్ నుంచి కేసెట్‌కి ఎక్కించుకుని, టేపు అరిగేదాకా విన్నాం. ఇంగ్లీషు సగమే అర్థమైంది. కోపం మాత్రం మొత్తం అర్థమైంది.

దాన్ని 'ఆల్టర్నేటివ్ రాక్' అంటారని తర్వాత తెలిసింది. ప్రత్యామ్నాయం అన్న మాట మనకి కొత్త కాదు. పెద్ద పత్రికలు అచ్చెయ్యనివాళ్ళు చిన్న పత్రిక పెట్టుకుంటారు. సొంత డబ్బులతో పుస్తకం వేసుకుని సభల్లో బల్ల మీద పెట్టి అమ్ముకుంటారు. 1980లలో ఈ బ్యాండ్లు చేసింది కూడా అదే. ఇంగ్లండులో 1976లో రికార్డుల దుకాణంగా మొదలైన 'రఫ్ ట్రేడ్' తర్వాత తనే రికార్డులు వేసే చిన్న సంస్థ అయింది. అమెరికాలో కాలేజీ రేడియోలు పెద్ద స్టేషన్లు ముట్టని పాటలు వేశాయి. జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే చిన్న పట్నంలో 1980లో పుట్టిన ఆర్.ఇ.ఎం. ఆ దారినే పైకి వచ్చింది. బోస్టన్‌లో పుట్టిన పిక్సీస్‌కి ఆ రోజుల్లో అంత పెద్ద అమ్మకాలు లేవు. కానీ తన అతి ప్రసిద్ధమైన పాట రాసేటప్పుడు పిక్సీస్‌నే అనుకరించబోయానని నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ 1994లో ఒప్పుకున్నాడు. ప్రభావం అంటే ఇదేనని మాకనిపిస్తుంది. తీసుకున్న అప్పుని నలుగురిలో ఒప్పుకోవడం.

ఆ అప్పుల లెక్కలో మనవాళ్ళూ ఉన్నారు. న్యూయార్క్‌లో సినే అనే చిన్న కాఫీ దుకాణంలో 1993లో జెఫ్ బక్లీ అనే కాలిఫోర్నియా కుర్రవాడు గిటార్ పట్టుకుని నుస్రత్ ఫతే అలీ ఖాన్ ఖవ్వాలీ పాడాడు. ఉర్దూ మాటలు అతనివి కావు. ఆర్తి మాత్రం అతనిదే. 'డెడ్ మాన్ వాకింగ్' సినిమా కోసం పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ నుస్రత్ పక్కన నిలబడి పాడాడు. "నీకు చర్చి పాటలున్నాయి కదా, ఖవ్వాలీతో నీకేం పని?" అని వాళ్ళని అడిగినవాళ్ళెవరూ మాకు కనపడలేదు.

ఇప్పుడు ఆ శవం సంగతి.

ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతపు క్రాలీ పట్నం కుర్రాళ్ళు పెట్టుకున్న బ్యాండ్ 'ది క్యూర్'. గాయకుడు రాబర్ట్ స్మిత్. చెదిరిన జుట్టు, కళ్ళకి కాటుక, పెదాల మీద చెరిగిన లిప్‌స్టిక్. మగవాడు ఏడిస్తే నవ్వే లోకంలో మగవాడి ఏడుపుని సిగ్గుపడకుండా పాడినవాడు. 1989లో వచ్చిన వాళ్ళ 'డిసింటిగ్రేషన్' ఆల్బంని మేము రాత్రిపూట లైటార్పి వినేవాళ్ళం. అందులో గొంతు ఎత్తుకునే ముందు చాలాసేపు గిటారూ కీబోర్డూ మాత్రమే నడుస్తాయి. ఆ నిదానం మాకు తెలిసిందే. ఖవ్వాలీలోనూ గొంతు కలిసే ముందు హార్మోనియం అలాగే దారి వేస్తుంది.

ఆ బ్యాండ్ మొదటి సింగిల్ 1978 డిసెంబరులో వచ్చింది. దాని పేరు 'కిల్లింగ్ ఆన్ అరబ్'. అరబ్బుని చంపడం. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు టేప్‌రికార్డర్ మీద మా చెయ్యి అలాగే ఆగిపోయింది.

పాట వెనక ఒక పుస్తకం ఉంది. ఆల్బేర్ కామూ 1942లో ప్రచురించిన 'ది అవుట్‌సైడర్' నవల. అల్జీరియా సముద్రపు ఒడ్డున, మండుటెండలో, మెర్సో అనే ఫ్రెంచివాడు ఒక అరబ్బుని తుపాకీతో కాలుస్తాడు. బతుక్కి అర్థం లేదన్న సంగతిని ఆ హత్య చుట్టూ అల్లాడు కామూ. పాట విడుదలయ్యేనాటికి స్మిత్‌కి పందొమ్మిదేళ్ళు. నవలని కుదించి పాట కట్టాడు. అరబ్బుల మీద అతనికి ద్వేషం లేదు. ఆ మాట మేము నమ్ముతాం.

కానీ పాట గాయకుడి గుండెలో ఉండిపోదు కదా. 1986 ఏప్రిల్‌లో అమెరికా లిబియా మీద బాంబులు వేసింది. అదే ఏడు ఈ పాట ఉన్న సంకలనం అమెరికాలో బయటికొచ్చింది. కొందరు రేడియోవాళ్ళు పాటకి వెటకారపు వ్యాఖ్యలు జోడించి వేశారు. అక్కడి అరబ్ అమెరికన్ల వివక్ష వ్యతిరేక సంఘం అభ్యంతరం చెప్పింది. స్మిత్ ఏం చేశాడు? పాట జాత్యహంకారానిది కాదని, దాన్ని అలా వాడుకోవడాన్ని బ్యాండ్ ఖండిస్తోందని చెప్పే స్టిక్కర్ ఆల్బం మీద అంటించడానికి ఒప్పుకున్నాడు. ఆ పాట వెయ్యొద్దని రేడియోలని కోరాడు. 2005లో కొన్ని కచేరీల్లో 'చంపడం' అన్నచోట 'ముద్దాడటం' అని మార్చి పాడాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఈ గాయకుడు తీసుకోవడానికి ప్రయత్నించాడు. నా ఉద్దేశం మంచిదే కదా, మీకు సాహిత్యం తెలియక బాధపడుతున్నారు అని వదిలెయ్యలేదు. మన దగ్గర ఎంతమంది రచయితలు ఆ పని చేశారు? తెలుగు కథల్లో, సినిమాల్లో సాయిబుని కసాయివాడిగానో, విలన్ పక్కనుండే గూండాగానో పెట్టినవాళ్ళని అడిగితే "మా ఉద్దేశం అది కాదు" అంటారు. నిజమే కావచ్చు. ఉద్దేశం వాళ్ళది. దెబ్బ మాది. రెండూ నిజాలే. ఒక నిజం రెండోదాన్ని రద్దు చెయ్యదు.

స్టిక్కర్‌తో తీరని లోటు ఇంకొకటుంది. కామూ నవలలో చచ్చిపోయినవాడికి పేరు లేదు. పాటలోనూ లేదు. చంపినవాడికి పేరుంది, తల్లి ఉంది, ప్రియురాలుంది, తత్వం ఉంది. చచ్చినవాడు ఉత్త అరబ్బు. మేము పెరిగిన చోట మా నాన్నల్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. "ఏం సాయిబూ" అనేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు, కాదనం. కానీ ఊళ్ళో ముగ్గురు సాయిబులుంటే ముగ్గురూ ఒకటే సాయిబు. పేరు లేకపోవడం ఎలా ఉంటుందో మాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు.

డెబ్భై ఏళ్ళ తర్వాత, 2013లో, అల్జీరియా రచయిత కమేల్ దావూద్ ఆ నవలకి జవాబుగా ఇంకో నవల రాశాడు. చచ్చిపోయిన అరబ్బు తమ్ముడు అందులో కథ చెబుతాడు. అన్నకి పేరు పెడతాడు. మూసా. మా ఇళ్ళలో ఉన్న పేరే. దావూద్ కామూ నవలని తగలబెట్టలేదు. దాని పక్కన కూర్చుని, అది చెప్పకుండా వదిలేసింది చెప్పాడు.

కొబేన్ ఇంకో దారి పట్టాడు. అతని పాటలో ఒకటి, అత్యాచారానికి గురైన అమ్మాయి పక్షాన రాసినది. దాన్నే పాడుతూ ఇద్దరు మగవాళ్ళు ఒక అమ్మాయిని చెరిచారని తెలిసి అతను కుదేలైపోయాడు. 'ఇన్‌సెస్టిసైడ్' ఆల్బంతో వేసిన కాగితంలో ఆ సంగతి రాశాడు. స్వలింగ ప్రేమికుల్ని, వేరే రంగువాళ్ళని, ఆడవాళ్ళని ద్వేషించేవాళ్ళు తన కచేరీలకి రావద్దు, తన రికార్డులు కొనవద్దు అన్నాడు. ఆ ఆల్బం వచ్చింది 1992 డిసెంబరులో. ఆ నెల 6వ తేదీన అయోధ్యలో ఏం కూలిందో చెప్పనక్కరలేదు. ఆ నెలంతా మేము తలుపులేసుకుని రేడియో వార్తలు వింటూ కూర్చున్నాం. ఆ కాగితం మా చేతికి చాలా కాలానికి వచ్చింది. చదివాక ఒక్క మాట అనుకున్నాం. ద్వేషించేవాళ్ళు నాకు అక్కర్లేదు అని ఇంత తేటగా చెప్పిన పెద్దమనిషి ఆ డిసెంబరులో మన చుట్టూ ఎంతమంది ఉన్నారు?

అందరు గాయకులూ ఇలా ఉండరు. మాంచెస్టర్ బ్యాండ్ 'ది స్మిత్స్' గాయకుడు మోరిసీ ఒంటరివాళ్ళ గొంతు. ఐరిష్ వలస కుటుంబం బిడ్డ. లోకంలో ఇమడనివాళ్ళ బాధ అతని కంటే బాగా పాడినవాళ్ళు తక్కువ. అతనే 1988లో తన మొదటి సొంత ఆల్బంలో, ఇంగ్లండులో ఇమిడిపోదామని తాపత్రయపడే బెంగాలీ మీద ఒక పాట పెట్టాడు. వీడికి ఇక్కడ చోటెక్కడిదన్న జాలి ఆ పాటలో వినపడింది. 2019లో ఇస్లాం వ్యతిరేకతే ఎజెండాగా ఉన్న 'ఫర్ బ్రిటన్' పార్టీ బ్యాడ్జీ పెట్టుకుని అమెరికన్ టీవీలో పాడాడు. ఇమడనివాళ్ళ కవికి కూడా ఇమడకూడనివాళ్ళ జాబితా ఒకటుందని తెలిసిన రోజు మాకు అన్నం సయించలేదు.

ఆ దెబ్బ మొదట తగిలింది అక్కడి మనవాళ్ళకే. పంజాబీ కుటుంబంలో పుట్టిన టిజిందర్ సింగ్ బ్యాండ్ పేరు 'కార్నర్‌షాప్'. వీధి మూల కిరాణా కొట్టు అని మనవాళ్ళని వెక్కిరించే మాటనే పేరుగా పెట్టుకున్నారు. 1992లో వాళ్ళు ఇ.ఎం.ఐ. కంపెనీ ఆఫీసు ముందు మోరిసీ పోస్టరు తగలబెట్టారు. అక్కడితో ఆగి ఉంటే అది ఒక రోజు వార్త. 1997లో వాళ్ళు ఆశా భోంస్లే మీద ప్రేమతో ఒక పాట కట్టారు. అందులో లతా పేరుంది, మహమ్మద్ రఫీ పేరుంది, ఆకాశవాణి పేరుంది. 1998 ఫిబ్రవరిలో దాని రీమిక్స్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. మనకి చోటు లేదన్న దేశం మన పేర్లున్న పాటకి చిందులేసింది. ఆ రఫీయే 1969లో 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కి తెలుగులో పాడాడు. తెలుగువాళ్ళు రాముడిగా, కృష్ణుడిగా కొలిచిన మనిషి పెదాల మీద రఫీ గొంతు పలికింది. అప్పుడెవరూ ఆ గొంతు చిరునామా అడగలేదు.

మరి మేమేం చెయ్యాలి? మోరిసీ కేసెట్లు పారెయ్యలేదు. కానీ అతని పాట నడుస్తుండగా మా పిల్లలు గదిలోకొస్తే ఆ బెంగాలీ సంగతీ, ఆ బ్యాడ్జీ సంగతీ చెబుతున్నాం. స్మిత్ పాట విన్నప్పుడు మూసా పేరు తలుచుకుంటున్నాం. ఇది ద్రోహం అనేవాళ్ళున్నారు. అభిమానివైతే నోరు మూసుకుని చప్పట్లు కొట్టు అంటారు. ఈ మాట మాకు వేరే చోట బాగా అలవాటే. దేశాన్ని ప్రేమిస్తున్నావా అని మమ్మల్ని మాటిమాటికీ అడిగేవాళ్ళకి కావలసింది ప్రేమ కాదు, మౌనం. పరాయివాడైతే పాట నచ్చక లేచిపోతాడు. మాది అనుకున్నాం గనకే కూర్చుని పేచీ పెట్టుకుంటున్నాం.

కానీ ఈ ప్రశ్న ఒకవైపే తిప్పి ఊరుకుంటే మేమూ దొంగలమే. మా పెళ్ళిళ్ళలో, దస్తర్‌ఖాన్ చుట్టూ, దూదేకులవాళ్ళ మీద జోకులు విని నవ్వుతూ పెరిగాం మేము. వాళ్ళకి ఉర్దూ రాదని, వాళ్ళు సగం ముస్లింలేనని నవ్వాం. మా ఉద్దేశం అది కాదు. ఉత్త సరదా. అచ్చం ఇదే మాట మాకు ఎవరైనా చెబితే ఒప్పుకుంటామా? ఖవ్వాలీ రాత్రుల్లో మా ఆడవాళ్ళు తెర వెనక కూర్చుని విన్నారు. వాళ్ళకీ గొంతుందా, పాడాలనుందా అని మేము అడిగింది లేదు. మా పాటలోనూ పేరు లేనివాళ్ళున్నారు.

కాటుక పెట్టుకున్న ఒక ఇంగ్లీషువాడు తన పాట వల్ల గాయపడ్డవాళ్ళ మాట విని దాని మీద స్టిక్కర్ అంటించాడు. మా జోకుల మీద, మా మెహఫిళ్ళ మీద అలాంటిదొకటి అంటించే ధైర్యం మాకుందా? మొన్న ఒక పెళ్ళిలో పాత జోకు మళ్ళీ మొదలైంది. మాలో ఒకడు నవ్వలేదు. "ఆయనకో పేరుంది చాచా, పేరు పెట్టి చెప్పండి" అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చాచా పేరు చెప్పాడు. జోకు మాత్రం పూర్తి చెయ్యలేకపోయాడు.